ప్రాచీన గ్రీస్‌ని రోడ్డు మీద చూడాలంటే: గైడ్‌తో ఎనిమిది రోజుల ప్రయాణానికి పూర్తి మార్గదర్శి

గ్రీస్‌లోని ప్రాచీన కోట మైసీనీ గేటు ముందు వ్యాన్ ఆగింది. డ్రైవర్ దిగి తలుపు తీశాడు. ఎనిమిది మందిమి కిందికి దిగి, నీళ్ల సీసాలు సర్దుకుని, ఆయన ముందు నడుస్తాడు కదా అని నిలబడ్డాం. ఆయన పక్కనే ఉన్న చెట్టు నీడ చూపించి, "నేను ఇక్కడే ఉంటాను, మీరు చూసి రండి" అన్నాడు.

గైడ్‌తో కలిపి టూర్ అనుకునే మేం డబ్బు కట్టాం. డ్రైవర్ తప్పేమీ లేదు. గ్రీస్‌లో పురావస్తు స్థలాల లోపల వివరించి చెప్పే హక్కు లైసెన్స్ ఉన్న గైడ్‌కే ఉంటుంది. ఆ సంగతి మాకు టూర్ అమ్మినవాళ్లు చెప్పలేదు, మేమూ అడగలేదు. నాన్న ఎన్నాళ్లుగానో చూడాలనుకున్న చోట గంటన్నర సేపు ఎండలో తిరిగి, ఏ గోడ ఏమిటో తెలియకుండానే బయటికొచ్చాం. ఆ రాత్రి హోటల్ వాళ్లని అడిగి ఒక గైడ్‌ని మాట్లాడుకుని, మర్నాడు పొద్దున్నే మళ్లీ అదే కొండెక్కాం. అవే రాళ్లు, అదే గేటు. కానీ ఈసారి నాన్న ప్రతి మలుపులోనూ ఆగి ప్రశ్నలు అడుగుతూనే ఉన్నారు.

మీకు అలా ఒక పూట వృథా కాకూడదనే ఇదంతా రాస్తున్నాను. పెద్దవాళ్లని, పిల్లల్ని తీసుకుని మొదటిసారి గ్రీస్ వెళ్లే తెలుగు కుటుంబాన్ని మనసులో పెట్టుకుని రాశాను. దారి ఇది: ఏథెన్స్, కొరింథు, నాఫ్‌ప్లియో, మైసీనీ, ఎపిడారస్, ఒలింపియా, డెల్ఫీ, మళ్లీ ఏథెన్స్. మొత్తం సుమారు 800 కిలోమీటర్లు. దూరం చూస్తే నాలుగు రోజుల్లో అయిపోయేలా ఉంటుంది, బస్సు టూర్లు అలా తిప్పుతాయి కూడా. ఓపికగా చూడాలంటే మాత్రం ఏథెన్స్‌లో దిగిన రోజుతో కలిపి ఎనిమిది రోజులు పెట్టుకోండి.

ముందు గైడ్, తర్వాతే హోటల్

మనం సాధారణంగా విమానం, హోటల్, బండి, చివర్న గైడ్ అనే వరసలో వెళ్తాం. ఇక్కడ దాన్ని తిరగేయండి. గ్రీస్‌లో గైడ్ కావాలంటే ప్రభుత్వం గుర్తించిన చదువు చదివి లైసెన్స్ తీసుకోవాలి. చరిత్ర, పురావస్తు శాస్త్రం, కళ అన్నీ అందులో ఉంటాయి. మెడలో కార్డు ఉంటుంది. బండిలో వెళ్తున్నంతసేపూ డ్రైవర్ ఎన్ని కబుర్లయినా చెప్పొచ్చు, గేటు దాటాక మాత్రం చెప్పకూడదు. అందుకే ప్రకటనల్లో కనిపించే "ఇంగ్లీషు మాట్లాడే డ్రైవర్" అనే మాట, "గైడ్" అనే మాట వేరువేరని గుర్తుపెట్టుకోండి.

మూడు దారులున్నాయి. ఏథెన్స్ నుంచి బయల్దేరే పెద్ద బస్సు టూర్‌లో చేరితే గైడ్ మొదటి నుంచి చివరి దాకా మీతోనే ఉంటారు, ఖర్చు తక్కువ, కానీ నలభై మందితో పాటు పరుగెత్తాలి. రెండోది, సొంతంగా వ్యాన్, డ్రైవర్, ప్రయాణమంతా వెంట ఉండే గైడ్. బాగుంటుంది గానీ గైడ్ బస, భోజనం కూడా మీ మీదే పడతాయి. మూడోది, వ్యాన్ మాట్లాడుకుని ఒక్కో స్థలానికి అక్కడి గైడ్‌ని విడిగా రెండేసి గంటలకు పెట్టుకోవడం. ఆరు నుంచి ఎనిమిది మంది ఉన్న కుటుంబానికి ఈ మూడోదే మేలని నా అభిప్రాయం. ఒలింపియాలో ఉండే గైడ్‌కి ఒలింపియా తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు.

ఎవరితో మాట్లాడినా ఈ నాలుగూ మెయిల్‌లో రాతపూర్వకంగా అడగండి. గేటు లోపలికి మాతో వచ్చేది ఎవరు? ఆయనకి లైసెన్స్ ఉందా? ప్రవేశ టికెట్లు ధరలో కలిపారా? మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకి తగ్గట్టు నెమ్మదిగా నడిపిస్తారా? సూటిగా జవాబు రాకపోతే ఇంకొకరిని చూసుకోండి.

భాష సంగతి కూడా ముందే తేల్చుకోవాలి. గైడ్ చెప్పేది ఇంగ్లీషులో. మా అమ్మకి ఇంగ్లీషు అంతగా అర్థం కాదు. అందుకని ప్రతి ఐదు నిమిషాలకీ ఒకసారి ఆగమని గైడ్‌ని కోరాం. ఆ ఆగిన నిమిషంలో అక్క అమ్మకి తెలుగులో చెప్పేది. ఏ గైడూ విసుక్కోలేదు. ఒకావిడైతే అమ్మ ముఖంలోకి చూస్తూ, ఆమెకి అర్థమయ్యాకే ముందుకి కదిలేది.

ఎప్పుడు వెళ్లాలి, ఏవి చూసుకోవాలి

ఏప్రిల్ నుంచి మే నెలాఖరు వరకు, లేదంటే సెప్టెంబర్ రెండో సగం నుంచి అక్టోబర్ చివరి వరకు. మన ఎండలు చూసినవాళ్లకి గ్రీస్ ఎండ ఒక లెక్కా అనుకోకండి. ఈ స్థలాల్లో చాలా చోట్ల నీడ ఉండదు, తెల్ల పాలరాయి వేడిని మొహం మీదికి కొడుతుంది. వడగాలులున్న రోజుల్లో, ఏథెన్స్‌లో కొండ మీదున్న ప్రాచీన ఆలయాల స్థలం అక్రోపోలిస్‌ని మధ్యాహ్నం కొన్ని గంటలు మూసేసిన సందర్భాలు ఈ మధ్య ఏటా ఉన్నాయి. చలికాలంలో ఇంకో చిక్కు: చాలా స్థలాలు మధ్యాహ్నం మూడున్నరకే మూసేస్తారు, కాబట్టి రోజుకి ఒక్క చోటుకే ప్లాన్ వేసుకోవాలి.

జనవరి 1, మార్చి 25, మే 1, ఈస్టర్ ఆదివారం, డిసెంబర్ 25, 26 తేదీల్లో అన్నీ మూసేస్తారు. ఇక్కడ ఈస్టర్ అంటే గ్రీకులు పాటించే ఆర్థడాక్స్ క్రైస్తవ శాఖ ఈస్టర్. మన క్యాలెండర్లలో కనిపించే ఈస్టర్ తేదీకీ దానికీ చాలాసార్లు పొంతన ఉండదు. 2027లో అది మే 2న వస్తోంది. అంటే ఆ ఏడాది మే 1, 2 రెండూ పోయినట్టే.

వీసా షెంగెన్ వీసా. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేయొచ్చు, కనీసం 15 రోజుల ముందైనా ఇవ్వాలి. ఆ చివరి గడువు దాకా ఆగితే టెన్షన్ తప్పదు, రెండు నెలల ముందే ఇచ్చేయండి. పెద్దవాళ్లకి రుసుము 90 యూరోలు. కనీసం 30,000 యూరోల వైద్య ఖర్చులు భరించే ప్రయాణ బీమా ఉండాలి. ఏ రాత్రి ఎక్కడ బస చేస్తారో చూపించాలి కాబట్టి ఈ దారిని రోజుల వారీగా ఒక కాగితం మీద వేసి దరఖాస్తుకి జత చేయండి.

బండి విషయం

సొంతంగా నడపాలనుకుంటే మన లైసెన్స్‌తో పాటు ఆర్టీఓ ఇచ్చే ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ ఉండాలి. అక్కడ బండ్లు రోడ్డుకి కుడివైపు నడుస్తాయి, స్టీరింగ్ ఎడమవైపు ఉంటుంది. ఆటోమేటిక్ కావాలని ప్రత్యేకంగా అడగకపోతే గేర్ల బండి ఇస్తారు. మోటార్‌వేల మీద గంటకి 130 కిలోమీటర్ల వరకు వెళ్లొచ్చు, ఊళ్లలో అంతకంటే చాలా తక్కువ. టోల్‌గేట్ల దగ్గర నగదు, కార్డు రెండూ తీసుకుంటారు. కొండ రోడ్లున్నాయి కాబట్టి కొత్తవాళ్లయితే డ్రైవర్‌తోనే వెళ్లమంటాను. పెద్దవాళ్లు ఉన్నప్పుడు మీ కళ్లు రోడ్డు మీద కంటే వాళ్ల మీద ఉండటం మేలు.

డ్రైవర్‌తో కలిపి తొమ్మిది మందికి మించి పట్టే బండి తీసుకుంటే ఇంకో సంగతి ఉంది. యూరప్ నిబంధనల ప్రకారం నాలుగున్నర గంటలు నడిపిన డ్రైవర్ 45 నిమిషాలు ఆగి తీరాలి, రోజుకి మామూలుగా తొమ్మిది గంటలకి మించి నడపకూడదు. బండిలో ఉన్న పరికరం అదంతా నమోదు చేస్తుంది. "ఇంకొక్క చోటు చూపించు బాబూ" అని బతిమాలి ఆయన్ని ఇబ్బంది పెట్టకండి.

మొదటి రెండు రోజులు: ఏథెన్స్

దిగిన రోజు ఏమీ పెట్టుకోకండి. సాయంత్రం అక్రోపోలిస్ కొండ కింద, కార్లు తిరగని డియోనిసియు అరియోపగీటు వీధిలో నడవండి. పైన దీపాల వెలుగులో ఎథీనా దేవత గుడి పార్థినాన్ కనిపిస్తుంది. ఆ రోజుకి అది చాలు.

రెండో రోజు పొద్దున ఎనిమిదింటికి, గేటు తెరవగానే అక్రోపోలిస్. టికెట్ గంటల వారీగా ఇస్తారు, సాంస్కృతిక శాఖ అధికారిక వెబ్‌సైట్‌లోనే ముందుగా కొనుక్కోవాలి. 2025 ఏప్రిల్ నుంచి ధర 30 యూరోలు. అన్ని స్థలాలకీ కలిపి ఇచ్చే పాత కాంబో టికెట్ అప్పటి నుంచే తీసేశారు, కాబట్టి పాత సలహాలు చదివి దాని కోసం వెతక్కండి. రెండు గేట్లున్నాయి. ఆగ్నేయం వైపు గేటు దగ్గర సాధారణంగా జనం తక్కువ. అటు నుంచి ఎక్కితే దారిలో డయోనిసస్ రంగశాల వస్తుంది. సోఫోక్లిస్, యూరిపిడిస్ నాటకాలు మొదటిసారి ఆడింది అక్కడే. చాలామంది దాన్ని దాటుకుంటూ పైకి పరుగెడతారు. పది నిమిషాలు ఆగండి.

చెప్పులు, నున్నటి అడుగు ఉన్న బూట్లు వద్దు. వేల ఏళ్లుగా అరిగిన పాలరాయి పొడిగా ఉన్నప్పుడు కూడా జారుతుంది. ఎక్కలేనివారికి ఉత్తరం వైపు లిఫ్ట్ ఉంది, అవసరం ఉంటే ముందే మాట్లాడుకోండి.

పార్థినాన్‌ని క్రీ.పూ. 447లో మొదలుపెట్టి 432 నాటికి శిల్పాలతో సహా పూర్తి చేశారు. ఇక్టినస్, కల్లిక్రటీస్ అనే వాస్తుశిల్పులు, శిల్పాలకి ఫీడియాస్. దూరం నుంచి తిన్నగా కనిపించే ఆ గుడిలో గీత గీసినట్టు తిన్నగా ఉండేది దాదాపు ఏదీ లేదు. నేల మధ్యలో కొద్దిగా ఉబ్బి ఉంటుంది, స్తంభాలు లోపలికి వాలి ఉంటాయి. గైడ్‌ని మెట్ల చివర నిలబెట్టి చూపించమనండి. మెట్టు ఒక కొసన కన్ను పెట్టి చూస్తే ఆ ఒంపు తెలుస్తుంది. ఇప్పుడు కనిపించే శిథిల రూపానికి పెద్ద కారణం 1687. తుర్కులు లోపల మందుగుండు దాచారు, వెనీస్ సైన్యం పేల్చిన గుండు దాని మీద పడింది.

తర్వాత కొండ కిందున్న అక్రోపోలిస్ మ్యూజియం. పై అంతస్తుని పార్థినాన్‌కి సమాంతరంగా, అదే కొలతలో కట్టారు. గుడి చుట్టూ ఉండాల్సిన శిల్పాల పట్టీ అక్కడ వరసగా ఉంటుంది. మధ్య మధ్యలో తెల్లగా సున్నం రంగులో ఉన్నవి నకళ్లు. వాటి అసలు ముక్కలు పందొమ్మిదో శతాబ్దం మొదట్లో బ్రిటిష్ రాయబారి లార్డ్ ఎల్గిన్ తీసుకెళ్లినవి, లండన్ బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. ఇది మనకి ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు. మన అమరావతి స్తూపం సున్నపురాతి శిల్పాలు అదే మ్యూజియంలో ఉన్నాయి. గ్రీకులు ఖాళీని దాచిపెట్టకుండా, ఇది మాది, ఇక్కడ లేదు అని కనిపించేలా పెట్టారు. ఆ గదిలో నేను అనుకున్నదానికంటే చాలాసేపు ఉండిపోయాను.

మూడో రోజు: కొరింథు మీదుగా నాఫ్‌ప్లియో

ఏథెన్స్ నుంచి గంటన్నర లోపు కొరింథు కాలువ వస్తుంది. 6.3 కిలోమీటర్ల పొడవు, నిటారుగా కోసిన రాతి గోడలు. నీరో చక్రవర్తి క్రీ.శ. 67లో తవ్వకం మొదలుపెట్టాడు, పూర్తయింది 1893లో. వంతెన మీద పావుగంట చాలు.

ప్రాచీన కొరింథుకి జీపీఎస్‌లో "ఆర్హేయా కోరింథోస్" అని పెట్టండి. ఊరికే కొరింథు అని పెడితే సముద్రం ఒడ్డునున్న కొత్త ఊరికి తీసుకెళ్తుంది. 1858 భూకంపం తర్వాత జనం పాత చోటు వదిలి అక్కడికి మారారు. అపోలో గుడిలో ఏడు స్తంభాలు మిగిలాయి, ఒక్కొక్కటీ ఒకే రాయి. అక్కడి నుంచి అంగడి మధ్యలో ఉన్న బీమా అనే రాతి వేదిక దగ్గరికి వెళ్లండి. అపొస్తలుడు పౌలుని రోమన్ అధికారి గల్లియో ముందు నిలబెట్టింది ఇక్కడేనని చెబుతారు. బైబిల్లో కొరింథీయులకు రాసిన పత్రికలు చదువుకున్న తెలుగు క్రైస్తవ కుటుంబాలకి ఈ ఒక్క చోటు కోసమే ప్రయాణం చేసినా తగును. అలాంటివారు గైడ్‌కి ముందే ఆ మాట చెబితే అదే కోణంలో చూపిస్తారు.

రాత్రి బస నాఫ్‌ప్లియోలో, రెండు రాత్రులు. ఆధునిక గ్రీస్‌కి మొదటి రాజధాని ఇది. సముద్రం ఒడ్డున సన్నటి సందులు, పైన పలమీడి కోట. కోటకి 999 మెట్లని ఊళ్లో అంటారు. పెద్దవాళ్లుంటే వెనక నుంచి రోడ్డు ఉంది, బండిలో వెళ్లండి.

తిండి సంగతి ఇక్కడే చెప్పేస్తాను, ఎందుకంటే శాకాహారులకి మొదటి రెండు రోజులే కంగారు. "వెజిటేరియన్" అని అడిగితే సలాడ్ చూపిస్తారు. "నిస్తీసిమో" అని అడగండి. ఆర్థడాక్స్ క్రైస్తవులు ఉపవాస దినాల్లో తినే వంట అది. మాంసం, పాలు, గుడ్లు ఉండవు, కానీ రొయ్యలు, స్క్విడ్‌లాంటివి ఉండొచ్చు, కాబట్టి అదొక్కటి అడిగి తెలుసుకోండి. గిగాంతెస్ అంటే టమాటా పులుసులో ఉడికిన పెద్ద చిక్కుడు గింజలు, బ్రియామ్ అంటే వంకాయ, బంగాళదుంప, గుమ్మడిజాతి కూరగాయలు నూనెలో మగ్గబెట్టింది, ఫావా అంటే దాదాపు మన ముద్దపప్పే, పైన పచ్చి ఉల్లిపాయ ముక్కలు, ఆలివ్ నూనె. హోర్తా అనే ఉడికించిన ఆకుకూర నిమ్మకాయ పిండుకుని తింటే అమ్మకి ఇంటి భోజనంలా అనిపించింది. పెరుగుకి లోటే లేదు. ఊరగాయ సీసా ఒకటి చెక్ ఇన్ పెట్టెలో వేసుకుంటే సరిపోతుంది.

నాలుగో రోజు: మైసీనీ పొద్దున, ఎపిడారస్ సాయంత్రం

మైసీనీ నాఫ్‌ప్లియో నుంచి అరగంట. బోర్డుల మీద "మికీనెస్" అని ఉంటుంది. ఎనిమిదింటికే ఉండండి, పదిన్నరకి బస్సులన్నీ వచ్చేస్తాయి.

సింహద్వారం క్రీ.పూ. 1250 ప్రాంతంలోది. పైన అడ్డంగా ఉన్న ఒక్క రాయే 20 టన్నుల దాకా ఉంటుందని అంచనా. తలలు పోయిన రెండు సింహాలు స్తంభానికి అటూ ఇటూ నిలబడి ఉంటాయి. గోడల్లో రాళ్లు ఎంత పెద్దవంటే, తర్వాతి కాలం గ్రీకులు ఇవి మనుషులు పేర్చినవి కావు, ఒంటికన్ను రాక్షసులు సైక్లోప్స్ కట్టినవని నమ్మారు. గైడ్ ఈ మాట చెప్పగానే నాన్న "మన రాక్షసగుళ్ల లాగానే" అన్నారు. మన తెలుగు నేల మీద పెద్ద బండలతో కట్టిన ఆదిమ సమాధుల్ని జనం రాక్షసగుళ్లనే అంటారు కదా. గైడ్ ఆ పేరు రెండుసార్లు పలికించుకుని తన పుస్తకంలో రాసుకుంది.

ద్వారం దాటగానే కుడివైపు గుండ్రటి సమాధుల వలయం. 1876లో హైన్రిక్ ష్లీమన్ ఇక్కడ తవ్వి బంగారు ముఖకవచాలు బయటికి తీశాడు, వాటిలో ఒకటి ట్రాయ్ యుద్ధం కథలో గ్రీకుల నాయకుడైన ఆగమెమ్నాన్ రాజుదే అనుకున్నాడు. నిజానికి ఆ సమాధులు ట్రాయ్ యుద్ధం జరిగిందని చెప్పే కాలం కంటే మూడు వందల ఏళ్లకి పైగా పాతవి. ఆ ముఖాన్ని చూడటం చివరి రోజుకి అట్టేపెట్టండి.

కోట నుంచి కిందికి దిగాక రోడ్డు పక్కన ఆట్రియస్ ఖజానా అనే సమాధి ఉంది. చాలామంది అలసిపోయి దీన్ని వదిలేస్తారు. వదలకండి. లోపల తేనెపట్టు ఆకారంలో పైకి పోయిన రాతి గుమ్మటం, 13 మీటర్లకి పైగా ఎత్తు. సున్నం లేదు, సిమెంట్ లేదు, వరస మీద వరస రాళ్లు లోపలికి జరుపుతూ మూసేశారు. గుమ్మం మీది లోపలి రాయి బరువు 120 టన్నులని లెక్కగట్టారు. బయట మండిపోతున్నా లోపల చల్లగా ఉంటుంది. అందరూ మాటలు ఆపి ఒక నిమిషం నిలబడి చూడండి.

మధ్యాహ్నం నాఫ్‌ప్లియోలో భోజనం, నిద్ర. నాలుగింటికి ఎపిడారస్. ఇక్కడ జీపీఎస్ మళ్లీ మోసం చేస్తుంది. ఎపిదావ్రోస్ అనే పేరుతో సముద్రం పక్కన వేరే ఊళ్లున్నాయి, అక్కడొక చిన్న రంగశాల కూడా ఉంది. మీకు కావాల్సింది లిగూరియో ఊరి దగ్గరున్న, వైద్య దేవుడు అస్క్లీపియస్ ఆలయ ప్రాంగణం.

క్రీ.పూ. నాలుగో శతాబ్దం చివర్లో కట్టిన రంగశాల. 55 వరసలు, దాదాపు 14,000 మంది కూర్చోవచ్చు. గైడ్ మధ్యలో ఉన్న గుండ్రటి రాయి మీద నిలబడి ఒక కాగితం చింపింది. మేం ఎక్కడో పైన. ఆ చర్రుమనే శబ్దం చెవి పక్కన చింపినట్టే వచ్చింది. తర్వాత నాన్న ఆ రాయి మీదికి వెళ్లారు. గొంతు పెంచకుండా, ఇంట్లో పక్క గదిలోకి పిలిచినట్టు, "చిన్నా, వినపడుతోందా?" అన్నారు. పై వరసలో ఉన్న మావాడు చెయ్యెత్తాడు. పాటలు పాడటం, అరవడం సిబ్బంది ఒప్పుకోరు, అలా మెల్లగా మాట్లాడితే చాలు. నాగార్జునసాగర్ దగ్గర అనుపు చూసినవాళ్లకి ఇక్కడ ఇంకో ఆలోచన కూడా వస్తుంది. నాగార్జునకొండలో బయటపడిన మెట్ల రంగశాలని నీళ్లలో మునగకుండా తీసి అక్కడ తిరిగి కట్టారు. అదీ ఇలాగే ప్రతి మాటా వినిపించేలా కట్టిందే.

రంగశాల చూసి వెనక్కి తిరిగిపోకండి. ఇది అసలు వైద్యుల దేవుడి క్షేత్రం. జబ్బు చేసినవాళ్లు స్నానం చేసి, పూజ చేసి, అబాటన్ అనే మందిరంలో రాత్రి పడుకునేవారు. దేవుడు కలలోకి వచ్చి నయం చేస్తాడని నమ్మకం. ఇది తెలుగులో చెప్పడానికి అక్కకి పెద్దగా మాటలు అక్కర్లేకపోయింది. "గుడిలో నిద్ర చేయడమే కదా" అంది అమ్మ. అక్కడి మ్యూజియంలో నయమైనవాళ్ల కథలు చెక్కిన రాతి పలకలు, వైద్య పనిముట్లు ఉన్నాయి.

జులై, ఆగస్టుల్లో వెళ్తే వారాంతాల్లో ఇదే రంగశాలలో ప్రాచీన నాటకాలు ఆడతారు. ఎత్తు మడమల చెప్పులతో రానివ్వరు.

ఐదు, ఆరు రోజులు: ఒలింపియా

నాఫ్‌ప్లియో నుంచి ఒలింపియా మూడు గంటల పైనే. ట్రిపోలి దాటాక వితీనా, లంగాడియా మీదుగా వెళ్లే కొండ దారి అందమైనది, కానీ మలుపులెక్కువ. బండిలో కడుపులో తిప్పేవాళ్లుంటే ముందు సీట్లో కూర్చోబెట్టండి, మాత్ర బయల్దేరే ముందే వేయండి. వితీనాలో తేనె కొనుక్కోవచ్చు. మధ్యాహ్నానికి చేరి, సాయంత్రం మ్యూజియం చూసి, స్థలాన్ని మర్నాడు పొద్దున్నకి ఉంచుకోండి.

మ్యూజియంలో జనమంతా ప్రాచీన శిల్పి ప్రాక్సిటిలీస్ చెక్కినట్టు చెప్పే హెర్మిస్ దేవుడి విగ్రహం చుట్టూ ఉంటారు. చూడండి, తప్పకుండా. కానీ ఒక చిన్న నల్లటి మట్టి గ్లాసు ఉంటుంది, గైడ్‌ని అడిగి దాని దగ్గరికి వెళ్లండి. దాని అడుగున గీసిన అక్షరాలకి అర్థం: నేను ఫీడియాస్‌ది. ఇక్కడ గ్రీకుల పెద్ద దేవుడు జియస్ గుడిలో దంతం, బంగారంతో పన్నెండు మీటర్ల విగ్రహం చేసినవాడు ఆయన. ప్రపంచ ఏడు వింతల్లో ఒకటి. ఆ విగ్రహం ఏనాడో పోయింది. ఆయన పనిచేసిన చోటు మాత్రం తర్వాత చర్చిగా మారి గోడలతో నిలిచింది, అక్కడే ఈ గ్లాసు దొరికింది.

పొద్దున్న స్థలంలో నడిచే వరస: వ్యాయామశాల, ఫీడియాస్ పనిశాల, జియస్ గుడి, హీరా గుడి, స్టేడియం. జియస్ గుడి స్తంభాలు భూకంపాలకి కూలి, కోసిన ముల్లంగి చక్రాల్లా వరసగా పడి ఉన్నాయి. ఒలింపిక్ జ్యోతిని ఇప్పటికీ హీరా గుడి ముందు అద్దంతో సూర్యకాంతిని పట్టి వెలిగిస్తారు. స్టేడియంకి వెళ్లే దారిలో వరసగా రాతి దిమ్మెలు కనిపిస్తాయి. పోటీల్లో మోసం చేసి పట్టుబడ్డవాళ్ల జరిమానా డబ్బుతో చేయించిన జియస్ కంచు విగ్రహాలు వాటి మీద ఉండేవి. పోటీకి వెళ్లే ప్రతి ఆటగాడూ వాటి ముందు నుంచే వెళ్లాలి. పిల్లలకి ఈ సంగతి చెప్పండి, బాగా పట్టుకుంటారు.

స్టేడియంలో పరుగు దూరం 192.27 మీటర్లు, బయల్దేరే గీత రాయి అలాగే ఉంది. క్రీ.పూ. 776 నుంచి పోటీలు జరిగాయని సంప్రదాయం చెబుతుంది. పిల్లల్ని పరుగెత్తనివ్వండి, అందుకోసం ఇరవై నిమిషాలు ముందే లెక్కలో వేసుకోండి.

పదకొండుకి బయల్దేరితే డెల్ఫీకి భోజనంతో కలిపి ఐదు గంటలు. దారిలో రియో, అంటిరియో మధ్య సముద్రం మీద 2,880 మీటర్ల తీగల వంతెన. భోజనానికి నాఫ్‌పక్టోస్ మంచి చోటు, కోట గోడల మధ్య చిన్న రేవు. 1571 లెపాంటో నౌకాయుద్ధంలో ఆ లెపాంటో ఈ ఊరే. తర్వాత ఇతేయా దాటాక రోడ్డు ఆలివ్ తోటల సముద్రంలోంచి కొండెక్కుతుంది.

ఏడో రోజు: డెల్ఫీ

నాకు ఈ ప్రయాణం మొత్తంలో దగ్గరైనది డెల్ఫీ. పర్నాసస్ కొండ వాలు మీద, లోయ అంచున ఉంటుంది. అంతా ఎక్కుడే. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు గుడి దాకా వెళ్లి ఆగిపోవచ్చు, పైనున్న స్టేడియంకి ఓపికున్నవాళ్లు వెళ్లొస్తారు.

గ్రీకు నగరాలు యుద్ధానికి వెళ్లాలన్నా, కొత్త ఊరు కట్టాలన్నా దేవుడి మాట ఏమిటని ఇక్కడి అపోలో గుడి పూజారిణి పిథియాని అడిగేవారు. లిడియా రాజు క్రీసస్ పర్షియా మీదికి వెళ్లొచ్చా అని అడిగితే, వెళ్తే ఒక గొప్ప సామ్రాజ్యం కూలుతుందని జవాబు వచ్చింది. వెళ్లాడు. కూలింది ఆయనదే. ఈ కథ చెప్పింది ప్రాచీన గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్.

గుడి కింద ఉన్న గోడ దగ్గర గైడ్‌ని ఆపండి. చాలామంది దాన్ని దాటిపోతారు, ఎందుకంటే అది గుడిని మోసే అడుగు గోడ. రాళ్లు పలకలు పలకలుగా, ఒంపులు తిరిగి, ఒకదానిలో ఒకటి ఇమిడి ఉంటాయి. దగ్గరికి వంగితే వాటి నిండా చిన్న చిన్న అక్షరాలు, చీమల బారుల్లా. అవి బానిసల విడుదల పత్రాలు. ఎవరు, ఎవరిని, ఎంతకి విడిచిపెట్టారో, సాక్షులెవరో రాతి మీద చెక్కించారు. బానిసని దేవుడికి అమ్మినట్టు రాసేవారు, అప్పుడు మళ్లీ ఎవరూ లాక్కోలేరు. గైడ్ వేలు తాకించకుండా ఒక వరస చూపించి, అందులో ఉన్న ఒక ఆడమనిషి పేరు చదివింది. రాజుల గురించి వారం రోజులుగా వింటున్న మాకు, ఆ పేరు విన్నాక కాసేపు మాట రాలేదు.

మ్యూజియంలో చివరి గదిలో రథసారథి కంచు విగ్రహం. క్రీ.పూ. 470ల నాటిది. కళ్లలో పొదిగిన రాయి, రాగి కనురెప్పల వెంట్రుకలు ఇప్పటికీ ఉన్నాయి. నడుము నుంచి కిందికి జారిన వస్త్రం చక్కగా పెట్టిన చీర కుచ్చిళ్లలా ఉంటుంది. పక్కకి వెళ్లి పాదాలు చూడండి. రథంలో దాగి ఎవరికీ కనిపించని పాదాలవి, అయినా నరాలతో సహా చేశారు. మ్యూజియంలో ఫ్లాష్ వాడకూడదు. విగ్రహాల ముందు వాటి భంగిమ పెట్టి ఫోటో దిగబోతే సిబ్బంది ఆపుతారు, పిల్లలకి ముందే చెప్పండి.

రోడ్డు అవతల, కొద్దిగా కిందికి, ఎథీనా ప్రొనాయా ఆవరణలో థోలోస్ అనే గుండ్రటి కట్టడం ఉంది. ఇరవై స్తంభాల్లో మూడింటిని తిరిగి నిలబెట్టారు. సాయంత్రపు వెలుగులో బాగుంటుంది గానీ ఆ పూటే ఏథెన్స్ చేరాలి కాబట్టి భోజనానికి ముందే చూసేయండి. ఏథెన్స్‌కి 180 కిలోమీటర్లు, రెండున్నర గంటలు.

ఎనిమిదో రోజు

విమానం రాత్రికి ఉండేలా చూసుకోండి. పగలు ఏథెన్స్‌లోని జాతీయ పురావస్తు మ్యూజియం. అందరూ దీన్ని మొదటి రోజే పెడతారు. నేను చివర్న పెట్టమంటాను. మొదటి రోజు చూస్తే అది అద్దాల వెనక బంగారం మాత్రమే. మంగళవారం ఉదయం తెరవరు కాబట్టి వారం చూసుకోండి.

లోపలికి వెళ్లగానే ఎదురుగా మైసీనీ గది. మా నాన్న ఆ బంగారు ముఖం ముందు నిలబడి, మూసిన కళ్లని, పలచటి పెదవుల్ని, మీసాన్ని చూస్తూ, మేమెవరం గుర్తుచేయకుండానే ఆ సమాధుల వలయం ద్వారానికి కుడివైపు ఉంది కదా అని మా అబ్బాయిని అడిగారు. వాడు చేత్తో గాల్లో గుండ్రంగా గీసి చూపించాడు.

(అక్కడి నుంచి ఎయిర్‌పోర్టుకి మెట్రో ఉంది. సామానెక్కువుంటే టాక్సీ మాట్లాడుకోండి, నగరంలోంచి వెళ్లడానికి ధర నిర్ణయించి ఉంటుంది, ఎక్కే ముందు అడగండి.)